ఎముకల పాఠం చెప్పిన సుబ్బారావు

ఎముక అనగానే మనకి ఎండిపోయిన, ప్రాణం లేని తెల్లటి వస్తువే గుర్తొస్తుంది. కానీ ఒంట్లో ఉన్నంతకాలం అది బతికున్న కణజాలం. కొల్లాజెన్ అనే మాంసకృత్తు పీచుల మధ్య కాల్షియం, భాస్వరం కలిసిన లవణం పేరుకుని ఎముక గట్టిపడుతుంది. ఒక రకం కణాలు పాత ఎముకని కరిగిస్తుంటే, ఇంకో రకం కణాలు కొత్తది కడుతుంటాయి. లోపలి ఎర్ర మజ్జ సెకనుకి 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాల్ని తయారుచేస్తుంది. ఆ భాస్వరాన్ని సులువుగా కొలిచే దారి చూపినవాడు, ఆ మజ్జకి కావలసిన విటమిన్‌ని తన బృందంతో తయారుచేయించినవాడు మన తెలుగువాడే. చదువుకున్నదీ మన ఊళ్ళోనే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుందామని ఇల్లు వదిలి బయల్దేరితే, తల్లి వెనక్కి తీసుకొచ్చి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు, అదీ మన ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో. తరవాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆ తరవాత మద్రాసు మెడికల్ కాలేజీ. ఫీజులకి స్నేహితులు సాయపడ్డారు, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆదుకున్నారు.

గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు దుస్తులే వేసుకెళ్ళారు. ఆంగ్లేయ ప్రొఫెసరుకి అది నచ్చలేదు. బాగా చదివినా చేతికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమూ దొరకలేదు. చివరికి మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పే పని దొరికింది. ఎముకల పేర్లూ వాటి కీళ్ళూ పిల్లలకి బోధిస్తూ గడిపిన రోజులవి.

ఆ మధ్యలోనే అన్న పురుషోత్తం స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి మనిషి చిక్కిపోయే జబ్బది. సుబ్బారావుగారికీ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. బతికిన మనిషికి ఆ జబ్బు ఎందుకొస్తుందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

ఆ తరవాత భార్య శేషగిరిని ఇక్కడే వదిలి బోస్టన్ చేరారు. చదువుకుంటూనే పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేశారు. హార్వర్డులో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కబడితే భాస్వరం అంత ఎక్కువన్నమాట. మన ఒంట్లోని భాస్వరంలో దాదాపు 85 శాతం ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటుంది. డి విటమిన్ చాలక పిల్లల కాళ్ళు దొడ్డిపోయే రికెట్స్‌లో రక్తంలోని భాస్వరం పడిపోతుంది. అలాంటివి పట్టుకోవడానికి ఆ నీలం రంగు ప్రపంచమంతటా ప్రయోగశాలలకి పనికొచ్చింది. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. కూడా ఈ కొలతల దారిలోనే బయటపడ్డాయి. అయినా హార్వర్డు ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో చేరారు. అప్పటికి ఒక చిక్కుముడి విడకుండా ఉంది. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని లూసీ విల్స్ అనే డాక్టరమ్మ 1931లో చెప్పింది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. అదే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావుగారి బృందం 1945 నాటికి దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది లేకపోతే మజ్జలో కణాలు సరిగా విభజన చెందవు, రక్తం పుట్టదు. స్ప్రూ రోగులకీ అదే మందయింది. అన్నకి అందనిది వేరే అన్నలకి అందింది. గర్భంలో బిడ్డ వెన్ను సరిగా మూసుకోవడానికి కూడా అదే కావాలని ఆ తరవాత తేలింది.

లుకేమియా అంటే మజ్జలో పుట్టే కేన్సర్. ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ పిల్లలకి జబ్బు ఇంకా ముదురుతున్నట్టు బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అయితే దాన్ని అడ్డుకునే మందు కావాలి కదా! సుబ్బారావుగారి బృందం అమినోప్టెరిన్ చేసి పంపింది. కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావుగారు గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53.

అమినోప్టెరిన్‌కి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇవాళ ఎముక కేన్సర్‌కీ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు. మనదేశం 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ళ వేసింది. ఇంత చేసిన మనిషి మళ్ళీ ఈ నేల మీద కాలు పెట్టలేదు, శేషగిరిగారిని మళ్ళీ చూడలేదు. ఆయన్ని తలుచుకునేటప్పుడు ఆమె పేరు కూడా చెప్పుకుందాం. ఆమె ఎదురుచూపులకి ఏ తపాలా బిళ్ళా రాలేదు.