జనాన్ని నవ్వించిన వంకర కాళ్ల గరించా

ఫుట్‌బాల్ అంటే మన పల్లెల్లో చాలామందికి గుర్తొచ్చే పేరు పీలే. ఆ పీలే పక్కనే నిలబడి బ్రెజిల్‌కు రెండుసార్లు ప్రపంచ కప్పు తెచ్చిపెట్టిన మరో ఆటగాడి పేరు గరించా. బ్రెజిల్ పేదజనం అతడిని తమ ఇంటి పిల్లవాడిలా చూసుకున్నారు. ప్రజల ఆనందం అని అతడికి బిరుదు కూడా ఇచ్చారు. అంతమందికి ఆనందం పంచిన ఆ మనిషి 49 ఏళ్లకే, తాగుడుతో కాలేయం చెడి, చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో కన్నుమూశాడు. ఆడినంతకాలం భుజాలకెత్తుకున్న అభిమానులూ, అతడి ఆటతో సొమ్ము చేసుకున్నవారూ ఆ తర్వాత ఏమయ్యారన్నది అతడి జీవితం చదివిన ప్రతివారికీ తట్టే ప్రశ్న.

మిల్లు ఊళ్లో పుట్టుక

గరించా అసలు పేరు మాన్యుయెల్ ఫ్రాన్సిస్కో దొస్ శాంటోస్. 1933 అక్టోబరు 28న రియో డి జెనీరో నగరానికి కొంత దూరంలో, కొండల అంచున ఉన్న పౌ గ్రాండె అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఊరికంతటికీ ఆధారం ఒక్క బట్టల మిల్లు. ఇళ్లు మిల్లువి, ఆట మైదానం మిల్లుది, ఊళ్లో ఎవరికైనా కూలి దొరికేది మిల్లులోనే. తండ్రి ఆ మిల్లులో కాపలాదారు. అతడికి తాగుడు అలవాటు. చెరకు రసంతో కాచే కషాసా అనే సారా అక్కడ ప్రతి వీధిలోనూ దొరికేది.

పుట్టుకతోనే పిల్లవాడి కాళ్లు వంకర. రెండు కాళ్లూ ఒకే పక్కకు వంగి ఉండేవి. ఒక కాలు లోపలికి, మరొకటి బయటికి. ఎడమకాలు కుడికాలి కంటే సుమారు 6 సెంటీమీటర్లు పొట్టి. వెన్నెముక కూడా సరిగా లేదు. పరుగెత్తడం సంగతి అలా ఉంచి, చక్కగా నడవగలిగితే అదే పదివేలు అనుకునే శరీరం. మనిషి పిట్టంత ఉన్నాడని అక్క అతడిని గరించా అని పిలిచింది. గరించా అంటే అక్కడి అడవుల్లో ఎగిరే ఒక చిన్న గోధుమరంగు పిట్ట. ఆ పేరే ఊళ్లో స్థిరపడింది, తర్వాత లోకమంతా అదే పేరుతో పిలిచింది.

14 ఏళ్లకు మిల్లులో చేరాడు. పనిలో శ్రద్ధ లేదు. దూదిబేళ్ల మధ్య పడి నిద్రపోయేవాడని చెబుతారు. అయినా మిల్లువారు అతడిని వదులుకోలేదు. మిల్లుకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఆదివారం నాడు ఆ జట్టు గెలవాలంటే గరించా ఉండాల్సిందే. బంతి అతడి కాలికి తగిలితే ఎదుటివాడు ఏ పక్కకు వంగాలో తెలియక కిందపడేవాడు. కాళ్ల వంకరే అతడికి వరమైంది. అతడు ఎటు తిరుగుతాడో కాళ్లు చూసి అంచనా వేయడం ఎవరి తరమూ కాలేదు. ఆట అయ్యాక చేపలు పట్టడం, పిట్టల వేట, స్నేహితులతో సారా, ఇదీ అతడి లోకం. 1952లో మిల్లులోనే పనిచేసే నయీర్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. వారికి ఎనిమిదిమంది ఆడపిల్లలు పుట్టారు.

ఒక్క పూటలో మారిన రాత

రియోలోని పెద్ద క్లబ్బులకు పోయి ప్రయత్నించమని స్నేహితులు పోరేవారు. ఒకటి రెండు చోట్లకు వెళ్లి ఒట్టి చేతులతో తిరిగి వచ్చాడు. చివరికి 1953లో బొటఫోగో క్లబ్బుకు వెళ్లాడు. అతడి నడక చూసి అక్కడివారు పెదవి విరిచారు. పరీక్ష కోసం అతడికి ఎదురుగా నిలబెట్టింది బ్రెజిల్ జాతీయ జట్టు డిఫెండరు నిల్టన్ శాంటోస్‌ను. గరించా బంతిని అంతటి ఆటగాడి కాళ్ల మధ్యనుంచి తోసేసి అవతల అందుకున్నాడు. నిల్టన్ శాంటోస్ కోపం తెచ్చుకోలేదు. ఇతడిని వెంటనే మన క్లబ్బులో చేర్చుకోండి, ఎదుటి జట్టులో ఉంటే మాత్రం నాకు నిద్ర పట్టదు అన్న అర్థంలో పెద్దలకు చెప్పాడట. అప్పటినుంచి ఇద్దరూ ఆప్తమిత్రులయ్యారు. మొదటి పోటీలోనే గరించా 3 గోల్స్ వేశాడు.

బొటఫోగోకు అతడు 1965 వరకు 600కు పైగా మ్యాచ్‌లు ఆడాడు, 240కి పైగా గోల్స్ చేశాడు. 1957, 1961, 1962 సంవత్సరాల్లో ఆ క్లబ్బు రియో విజేతగా నిలిచింది. గోల్స్ లెక్క ఒక ఎత్తు, ఆ ఆటను చూసే సంబరం మరో ఎత్తు. ఒకడిని దాటుకు వెళ్లాక ఆగి, వాడు లేచి వచ్చేదాకా చూసి మళ్లీ దాటేవాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. వారమంతా మిల్లుల్లో, రేవుల్లో చాకిరీ చేసిన కూలిజనానికి ఆదివారం ఆ గంటన్నర పెద్ద పండుగ. దొరలాంటి డిఫెండర్లను తమలాంటి వంకర కాళ్ల పేదవాడు బోల్తా కొట్టిస్తుంటే అది తమ గెలుపే అనుకున్నారు.

రెండు ప్రపంచ కప్పులు

1958లో స్వీడన్‌లో ప్రపంచ కప్పు జరిగింది. జట్టు వెంట వెళ్లిన మానసిక నిపుణుడు గరించాకు పరీక్ష పెట్టి చాలా తక్కువ మార్కులు వేశాడు. మొదటి రెండు మ్యాచ్‌ల్లో అతడిని ఆడించలేదు. మూడో మ్యాచ్ జూన్ 15న సోవియట్ రష్యాతో. ఆ రోజు గరించా, 17 ఏళ్ల పీలే ఇద్దరూ ప్రపంచ కప్పులో మొదటిసారి మైదానంలో దిగారు. ఆట మొదలైన నిమిషంలోనే గరించా కొట్టిన బంతి గోలు స్తంభానికి తగిలింది. వెంటనే పీలే కొట్టిందీ స్తంభానికే తగిలింది. మూడో నిమిషంలో వావా గోలు వేశాడు. బ్రెజిల్ 2-0తో నెగ్గింది. జూన్ 29న ఫైనల్లో స్వీడన్‌పై 5-2తో గెలిచి మొదటిసారి కప్పు అందుకుంది. ఫైనల్లో మొదటి రెండు గోల్స్‌కు బంతి అందించింది గరించాయే.

1962లో చిలీలో జరిగిన పోటీల్లో పీలే రెండో మ్యాచ్‌లోనే గాయపడి తప్పుకున్నాడు. బ్రెజిల్ పని అయిపోయిందనుకున్నారు. గరించా ఒక్కడే జట్టును మోశాడు. క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండుపై 2 గోల్స్, సెమీ ఫైనల్లో చిలీపై 2 గోల్స్ వేశాడు. సెమీ ఫైనల్లో ఎదుటివాడిని తన్నినందుకు రెఫరీ బయటికి పంపినా శిక్ష పడకుండా బయటపడ్డాడు. జూన్ 17న జ్వరంతోనే ఫైనల్ ఆడాడు. బ్రెజిల్ 3-1తో చెకొస్లోవేకియాను ఓడించి కప్పు నిలబెట్టుకుంది. ఆ పోటీల్లో మేటి ఆటగాడు గరించా అని అందరూ ఒప్పుకున్నారు. పీలే, గరించా కలిసి ఆడిన 40 మ్యాచ్‌ల్లో బ్రెజిల్ ఒక్కటీ ఓడలేదు.

మోకాలు అరిగింది, డబ్బు కరిగింది

ఆ వెలుగు వెనుక చీకటి అప్పటికే మొదలైంది. వంకర కాళ్ల మీద అంత బరువు మోసిన మోకాలి కీళ్లు అరిగిపోసాగాయి. విశ్రాంతి ఇవ్వాలని డాక్టర్లు చెప్పినా ఆట ఆగలేదు. గరించా ఉంటేనే విదేశీ యాత్రల్లో క్లబ్బుకు పెద్ద సొమ్ము వచ్చేది. అందుకని మోకాలికి ఇంజక్షన్లు ఇచ్చి ఆడించారు. నొప్పి తెలియకపోవడంతో కీలు మరింత పాడైంది. 1964లో ఆపరేషన్ జరిగేనాటికి ఆలస్యమైపోయింది.

డబ్బు విషయంలో అతడు పసివాడు. క్లబ్బువారు ఇచ్చిన ఖాళీ కాగితాల మీద సంతకం చేసేవాడు, అంకె వాళ్లు తర్వాత రాసుకునేవారు. ప్రపంచ విజేతయ్యాక కూడా అతడికంటే తక్కువ ఆటగాళ్లు ఎక్కువ జీతం తీసుకున్నారు. వచ్చిన డబ్బును బ్యాంకులో వేయడం తెలియక ఇంట్లో ఎక్కడబడితే అక్కడ పెట్టేవాడని, కొన్ని నోట్లు చెమ్మకు పాడయ్యాయని అతడి జీవితం రాసినవారు చెబుతారు. అడిగినవాడికల్లా ఇచ్చేవాడు.

ఇందులో అతడి అమాయకత్వం ఒక పాలైతే ఆనాటి పద్ధతి మరో పాలు. బ్రెజిల్‌లో అప్పట్లో ఆటగాడి హక్కు పత్రం క్లబ్బు చేతిలో ఉండేది. ఒప్పందం గడువు తీరినా క్లబ్బు వదిలిపెడితే తప్ప ఆటగాడు వేరేచోటికి పోవడానికి లేదు. బేరమాడే వీలు లేనివాడికి న్యాయమైన ధర ఎవరిస్తారు? ఈ పద్ధతిని తీసివేసే చట్టం 1998లో గానీ రాలేదు. అంతకుముందు క్రీడామంత్రిగా పనిచేసి దాన్ని ముందుకు తెచ్చిన పీలే పేరుతోనే ఆ చట్టాన్ని పిలుస్తారు. గరించాకు మాత్రం అది అందలేదు.

మొహం చాటేసిన జనం

1960ల మొదట్లో గరించా, ప్రఖ్యాత గాయని ఎల్జా సోరెస్ ప్రేమలో పడ్డారు. భార్యనూ ఎనిమిదిమంది కూతుళ్లనూ వదిలి ఆమెతో ఉండడాన్ని జనం సహించలేదు. తప్పు అతడిదైతే శిక్ష ఎక్కువగా ఆమెకు పడింది. ఆటగాడిని చెడగొట్టిందని నిందించారు, ఇంటి మీద రాళ్లు వేశారు. నిజానికి తాగుడు మాన్పించాలని ఆమె చేయని ప్రయత్నం లేదు. ఇల్లు గడిచింది కూడా చాలావరకు ఆమె పాటల సంపాదనతోనే.

1966లో బొటఫోగో అతడిని కొరింథియన్స్ క్లబ్బుకు అమ్మేసింది. ఆ ఏడు ప్రపంచ కప్పులో హంగరీతో ఆడిన మ్యాచ్ బ్రెజిల్ 1-3తో ఓడింది. దేశం తరఫున 50 మ్యాచ్‌లు ఆడిన గరించా చూసిన ఓటమి అదొక్కటే, అదే అతడి చివరి మ్యాచ్ కూడా. తర్వాత ఫ్లమెంగో, ఒలారియా అంటూ క్లబ్బులు మారాడు. మునుపటి ఆట రాలేదు.

1969 ఏప్రిల్‌లో గరించా నడుపుతున్న కారు లారీని ఢీకొంది. కారులో ఉన్న ఎల్జా తల్లి చనిపోయింది. ఆ దుఃఖం, అపరాధ భావం అతడిని మరింత సారాలోకి నెట్టాయి. కొంతకాలం ఇద్దరూ ఇటలీలో ఉన్నారు. అక్కడ బ్రెజిల్ కాఫీకి ప్రచారం చేసే చిన్న ఉద్యోగం చేశాడు.

1973 డిసెంబరు 19న మరకానా స్టేడియంలో అతడి కోసం వీడ్కోలు మ్యాచ్ పెట్టారు. 1 లక్షా 31 వేల మంది టిక్కెట్లు కొని వచ్చారు. పీలే కూడా ఆడాడు. ఆట మధ్యలో గరించా మైదానం చుట్టూ తిరిగి చేతులూపి వెళ్లిపోయాడు. వచ్చిన సొమ్ములో కొంత కూతుళ్ల కోసం ఖర్చయింది, మిగిలింది కొన్నాళ్లకే హరించుకుపోయింది. అభిమానులు పిడికెడు డబ్బు ఇచ్చారు గానీ నెలనెలా వచ్చే పింఛను, మోకాలికి వైద్యం, తాగుడు మాన్పే ఆసరా, చేయడానికి ఒక పని మాత్రం ఎవరూ చూపలేదు.

1976లో అతడికీ ఎల్జాకూ కొడుకు పుట్టాడు. తాగిన మైకంలో ఆమె మీద చేయి చేసుకోవడంతో 1977లో ఆమె అతడిని వదిలేసింది. 1980లో రియో ఉత్సవాల ఊరేగింపులో అతడిని రథం మీద కూర్చోబెట్టారు. మందుల మత్తులో ఒక పక్కకు ఒరిగి, ఎవరినీ గుర్తుపట్టలేనట్లు కూర్చున్న గరించాను చూసి జనం నిశ్చేష్టులయ్యారు. అయినా బతుకు కోసం పాత ఆటగాళ్ల జట్లతో ఊళ్లమీద ఆడుతూనే ఉన్నాడు. 1982 క్రిస్మస్ నాడు బ్రసీలియా దగ్గర ప్లానల్టినాలో ఆడిందే చివరి ఆట. నెల తిరగకుండానే, 1983 జనవరి 20న రియోలోని ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు.

చనిపోయాక మళ్లీ జనం

మరణవార్త వినగానే జనం ఒక్కసారిగా కదిలివచ్చారు. మరకానాలో శవాన్ని ఉంచితే వేలమంది బారులు తీరారు. పౌ గ్రాండె దాకా దారి పొడవునా నిలబడి ఏడ్చారు. ప్రజల ఆనందమైన మనిషి ఇక్కడ నిద్రిస్తున్నాడన్న అర్థం వచ్చే మాటలు సమాధి మీద చెక్కించారు. రాజధాని బ్రసీలియాలోని పెద్ద స్టేడియానికి అతడి పేరు ఉంది. 2014 ప్రపంచ కప్పు కోసం కట్టిన స్టేడియాల్లోకెల్లా ఎక్కువ ఖర్చు దానికే అయింది.

2017లో మరో సంగతి బయటపడింది. అతడి ఎముకలు ఎక్కడున్నాయో ఖచ్చితంగా చెప్పలేమని ఆ శ్మశానం వారు ఒప్పుకున్నారు. కొన్నేళ్లకిందట వేరే గూటిలోకి మార్చినట్లు చెప్పినా దానికి సరైన కాగితం లేదు. ఎల్జా సోరెస్ ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు పాడింది. ఆమె 91 ఏళ్ల వయసులో 2022లో చనిపోయింది. ఆ రోజు కూడా జనవరి 20, గరించా పోయిన తేదీయే.

ఆడేవాడి కాళ్లలో సత్తువ పది, పదిహేనేళ్లు. ఆ తర్వాత బతకాల్సిన ఏళ్లు అంతకు రెండింతలు, మూడింతలు. గరించా విషయంలో ఆ మొదటి లెక్క అందరూ రాసుకున్నారు, రెండోది ఎవరూ రాయలేదు. మన ఊళ్ల పక్క మైదానాల్లో కబడ్డీ ఆడే కుర్రవాడైనా, వాలీబాల్ ఆడే కుర్రవాడైనా, వాడికి కప్పు ఇచ్చి దండ వేసేవారు చదువు సంగతీ, పని సంగతీ ఆ రోజే అడిగితే గరించా కథ మళ్లీ జరగకుండా ఉంటుంది.