కాగితపు హృదయం

మన పూర్వులు కళలు అరువది నాలుగని లెక్కించారు. వాత్స్యాయనుడు పేర్కొన్న ఆ వరుసలో గీతం, వాద్యం, నృత్యం, ఆలేఖ్యం అనే నాలుగింటి వెంటనే విశేషకచ్ఛేద్యం కనిపిస్తుంది. ఆకులను సుకుమారమైన ఆకృతులలో కత్తిరించి నుదుట తిలకంగా అలంకరించుకొనే నేర్పు అది. సంగీత నాట్యాల సరసన కత్తిరింపుకు కూడా పీట వేసిన సంస్కారం మనది. దేశం వేరైనా, కాలం వేరైనా, అటువంటి కళనే కత్తెర, కాగితం అనే రెండే సాధనాలతో జీవితాంతం ఉపాసించిన మహారచయిత ఒకడు ఐరోపా ఖండంలో ఉన్నాడు. ఆయనే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. వికారమైన బాతుపిల్ల, చిన్ని మత్స్యకన్య, చక్రవర్తి కొత్త దుస్తులు మొదలైన కథల కర్తగా లోకమంతా ఆయనను ఎరుగును. ఆయన చేతిలోని కలాన్ని ఎరిగినంతగా కత్తెరను ఎరిగినవారు తక్కువ.

ఆండర్సన్ 1805 ఏప్రిల్ 2న డెన్మార్క్ దేశంలోని ఓడెన్స్ పట్టణంలో జన్మించాడు. తండ్రి పాదరక్షలు కుట్టి జీవించేవాడు. తల్లి ఊరివారి బట్టలు ఉతికి నాలుగు రాళ్ళు సంపాదించేది. ఆమెకు అక్షరజ్ఞానం లేదు. వారి సంసారమంతా ఒకే గదిలో సాగేది. తండ్రి పేదవాడే గాని పుస్తకప్రియుడు. తీరిక వేళల్లో కుమారుణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని అరేబియన్ నైట్స్ కథలు చదివి వినిపించేవాడు. ఒక చిన్న బొమ్మల నాటకశాలను స్వయంగా తయారుచేసి ఇచ్చాడు. తోటి పిల్లలు వీధిలో ఆడుకొంటూ ఉంటే, ఈ బాలుడు ఒంటరిగా కూర్చొని గుడ్డపీలికలు కత్తిరించి ఆ బొమ్మలకు దుస్తులు కుట్టేవాడు. కొని ఇవ్వలేని తండ్రి చేసి ఇచ్చిన ఆ కానుక కుమారుని మనసులో చెరగని ముద్ర వేసింది.

1816లో తండ్రి మరణించాడు. కుట్టుపని నేర్చుకొని దర్జీగా స్థిరపడమని తల్లి కోరింది. కాని బాలుని చూపు నాటకరంగం మీద ఉంది. 1819లో, పదునాలుగేళ్ళ వయస్సులో, చేతిలో కొద్దిపాటి సొమ్ముతో అతడు రాజధాని కోపెన్‌హేగన్ చేరాడు. అక్కడి రాజనాటకశాలలో నృత్యం నేర్వబోయాడు. గాయకుడు కావాలని ఆశించాడు. పొడవైన కాళ్ళు, పెద్ద చేతులు, మొరటు నడక గల ఆ గ్రామీణ బాలుణ్ణి చూసి నవ్వినవారే ఎక్కువ. ఉన్న గొంతు కాస్తా యౌవనారంభంలో మారిపోయింది. చివరకు నాటకశాల నిర్వాహకులలో ఒకడైన యోనాస్ కొలిన్ అతని ప్రతిభను గుర్తించి, 1822లో రాజు ఆర్థిక సహాయంతో పాఠశాలలో చేర్పించాడు. తనకన్నా ఎంతో చిన్నవారైన పిల్లల మధ్య కూర్చొని, కఠినుడైన ప్రధానోపాధ్యాయుని నిందలు సహిస్తూ అతడు విద్య నేర్చాడు. 1828లో విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు.

1835లో ఆండర్సన్ తన బాలకథల తొలి సంపుటిని ప్రకటించాడు. అందులోని నాలుగు కథలలో చిన్నారి ఈడా పూల కథ ఒకటి. ఆ కథలో ఒక విద్యార్థి ఉంటాడు. అతడు చిన్నపిల్లకు కథలు చెబుతూ కాగితంతో హృదయాకారాలు, వాటిలో నాట్యమాడే స్త్రీలు, తలుపులు తెరుచుకొనే కోటలు కత్తిరించి ఇస్తాడు. పిల్లలకు ఇటువంటి కల్లబొల్లి మాటలు నేర్పడం తగదని ఒక ఉద్యోగి విసుక్కొంటాడు. ఆ విద్యార్థి వేరెవరో కాదు, ఆండర్సనే. తన కథాప్రపంచపు గడపలోనే ఆయన తన కత్తెరను కూడా నిలిపాడన్నమాట.

ఆయన కత్తిరించే తీరు వింతగొలిపేది. పెద్ద కత్తెర ఒకటి ఆయన వెంట ఉండేది. ముందుగా గీతలు గీసుకొనే అలవాటు సాధారణంగా లేదు. కాగితాన్ని ఒకటి రెండు మడతలు పెట్టి, కథ మొదలుపెట్టి, మాట సాగుతున్నంతసేపూ కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ కత్తిరించేవాడు. ఏ రూపం వస్తున్నదో ఎదుట కూర్చున్న పిల్లలకు తెలిసేది కాదు. కథ ముగిసే వేళకు మడత విప్పేవాడు. మడత గీతకు రెండు వైపులా ఒకే తీరున రూపాలు విచ్చుకొనేవి. ఒంటికాలిపై నిలిచిన నర్తకులు, హంసలు, కోటలు, మనిషి ముఖం గల గాలిమరలు ఆ పెద్ద చేతులలో నుండి వెలువడేవి. అన్నీ వేడుక బొమ్మలే కావు. ఉరికంబానికి వేలాడే మనిషి బొమ్మ, దాని పక్కనే హృదయాకారం కూడా ఆయన కత్తిరింపులలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ప్రేమించి ప్రతిప్రేమ పొందలేకపోయిన ఆయన వేదనకు అవి గుర్తులుగా తోస్తాయి.

ఆండర్సన్ వివాహం చేసుకోలేదు. కీర్తి ఖండాంతరాలకు వ్యాపించినా సొంత ఇల్లు ఏర్పరచుకోలేదు. అద్దె గదులలోను, మిత్రుల భవనాలలోను, జమీందారుల అతిథిగృహాలలోను కాలం గడిపాడు. అతిథిగా వెళ్ళిన ప్రతి ఇంటా ఆ ఇంటి పిల్లలకు ఆయన ఇచ్చే కానుక కాగితపు బొమ్మయే. 1859లో, తనను ఆదుకొన్న కొలిన్ గారి అల్లుడైన అడాల్ఫ్ డ్రూసెన్‌తో కలిసి, డ్రూసెన్ మనుమరాలు క్రిస్టీన్ కోసం ఒక బొమ్మల పుస్తకాన్ని కూర్చాడు. ముద్రిత చిత్రాలను, కత్తిరించిన ఆకృతులను పుటలపై అతికించి ఒక్క పసిబిడ్డ కోసం చేసిన పుస్తకమది. తనను చదివించిన కుటుంబానికి ఆయన ఋణం తీర్చుకొన్న విధాలలో ఇదొకటి.

1857లో ఆండర్సన్ ఇంగ్లండు వెళ్ళి ప్రసిద్ధ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఇంట అతిథిగా దిగాడు. రెండు వారాల కోసం వచ్చినవాడు ఐదు వారాలు ఉన్నాడు. ఆయనకు ఆంగ్లం అంతంతమాత్రం. ఆతిథ్యం గృహస్థులకు భారమైంది. ఆ తరువాత ఇరువురి మైత్రి సడలిపోయింది. తానేమి తప్పు చేశాడో ఆండర్సన్‌కు అర్థం కాలేదు. అయితే డికెన్స్ కుమారులలో హెన్రీ అనే బాలుడు ఆ రోజుల్లో ఎనిమిదేళ్ళవాడు. అతడు పెరిగి వృద్ధుడై తన జ్ఞాపకాలు రాసినప్పుడు, ఆ అతిథి మామూలు కత్తెరతో కత్తిరించిన యక్షిణులను, మరుగుజ్జు దేవతలను, జంతువులను ఇష్టంగా తలచుకొన్నాడు. పెద్దల వద్ద మాట తడబడినచోట పిల్లల వద్ద కత్తెర మాట్లాడిందన్నమాట.

డెన్మార్క్‌లో క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే అలంకారాలలో అల్లిన కాగితపు హృదయం ముఖ్యమైనది. రెండు రంగుల కాగితాలను విడివిడిగా మడిచి, ఒక కొనను గుండ్రంగా కత్తిరించి, మడతవైపు నుండి సమానమైన చీలికలు చేస్తారు. తరువాత ఒకదాని పట్టీలను రెండవదాని పట్టీలలో, చాపను అల్లినట్లు, ఒకటి విడిచి ఒకటి దూరుస్తారు. అల్లిక పూర్తి కాగానే అది హృదయాకారం దాల్చుతుంది. తెరిస్తే చిన్న బుట్ట అవుతుంది. దానికి కాగితపు పిడి అతికించి మిఠాయి నింపి చెట్టు కొమ్మకు తగిలిస్తారు. ఇప్పటికి తెలిసినంతలో మిక్కిలి ప్రాచీనమైన అల్లిక హృదయం 1860లో ఆండర్సన్ చేసినదే. ఈ అలంకారాల మీద ఆయనకు గల మక్కువ 1844లో వెలువడిన దేవదారు చెట్టు కథలో కూడా వ్యక్తమవుతుంది. అందులోని చెట్టు కొమ్మలకు రంగు కాగితపు వలసంచులు మిఠాయిలతో వేలాడుతాయి. పండుగ ముగిసిన పిదప ఆ చెట్టును అటక మీద పారవేస్తారు, ఆపైన నిప్పుల పాలు చేస్తారు.

డెన్మార్క్‌వారికి ఈస్టర్ పండుగ వేళ చేతితో శుభాకాంక్ష పత్రాలు చేసి పంపే ఆచారం కూడా ఉంది. కాగితాన్ని మడిచి జాలీవలె కత్తిరించి, నడుమ చిన్న పద్యం రాసి, చలి వీడకముందే పూచే తెల్లని పువ్వును లోపల ఉంచుతారు. పంపినవారి పేరు ఉండదు. పేరులో ఎన్ని అక్షరాలున్నవో అన్ని చుక్కలు మాత్రం పెడతారు. పంపినదెవరో పోల్చుకోలేకపోతే అందుకొన్నవారు ఓడినట్లే. వారు ఒక ఈస్టర్ గుడ్డును బహుమానంగా ఇచ్చుకోవాలి. లేఖలో ఒదిగి ప్రయాణం చేసిన అటువంటి పువ్వునే నాయికగా చేసి ఆండర్సన్ ఒక కథ రచించాడు.

కాగితం ఎంత అల్పాయుష్కమైనదో ఆయనకు తెలియనిది కాదు. 1838లో రచించిన తగరపు సైనికుని కథలో నాయిక కాగితంతో కత్తిరించిన నర్తకి. ఆమె నివాసం కాగితపు కోట. వీధి కాలువలో సైనికుణ్ణి మోసుకొని పోయేది వార్తాపత్రికతో మడిచిన పడవ. చివరకు గాలి వీచి నర్తకి పొయ్యిలో పడి ఒక్క క్షణంలో భస్మమవుతుంది. ఆమెను ప్రేమించిన సైనికుడు కరిగి చిన్న హృదయాకారంగా మిగులుతాడు.

జీవిత చరమదశలో ఆండర్సన్ వ్యాధిగ్రస్తుడయ్యాడు. అప్పుడు కూడా కత్తెర విడువలేదు. 1873, 1874 సంవత్సరాలలో ఎన్నో చిత్రాలను కత్తిరించి అతికించి ఒక పెద్ద మడత తెరను అలంకరించాడు. తనను ఆదరించిన మెల్కియోర్ కుటుంబపు గృహిణి డొరోతియాకు 1874లో ఒక పెద్ద కత్తిరింపును కానుకగా ఇచ్చాడు. తన బొమ్మలలో తరచు కనిపించే రూపాలెన్నింటినో అందులో ఒక్కచోట చేర్చాడు. 1875 ఆగస్టు 4న ఆ కుటుంబపు వేసవి విడిదిలోనే కన్నుమూశాడు.

ఆయన జన్మదినమైన ఏప్రిల్ 2వ తేదీ 1967 నుండి అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవంగా జరుగుతున్నది. ఆయన చేసిన కాగితపు బొమ్మలు వందల సంఖ్యలో నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో అనేకం ఓడెన్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఆయన వాటిని అమ్మలేదు. చేసిన చోటనే ఎదుట ఉన్నవారి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అందుకొన్న పిల్లలు పుస్తకాల మధ్య దాచుకొన్నారు. పెరిగి పెద్దవారై తమ పిల్లలకు అందించారు. అందువల్లనే ఊదితే ఎగిరిపోయే ఆ కాగితాలు నూరేళ్ళు దాటి బ్రతికాయి. కానుక విలువ వెలలో లేదు. అది ఒకరికోసం ఒకరు వెచ్చించిన సమయంలో ఉంది. ఒకే గదిలో పుట్టి, సొంత ఇల్లంటూ లేక తిరిగిన ఆ మహనీయుడు పరుల ఇండ్లలో విడిచి వెళ్ళిన ఆస్తి ఇదే.

ప్రశ్నలు

1. ఆండర్సన్ బాల్యం ఆయన కత్తిరింపు కళకు ఏ విధంగా పునాది వేసిందో వివరించండి.
2. అల్లిక హృదయాన్ని తయారుచేసే విధానాన్ని సొంత మాటలలో రాయండి.
3. డికెన్స్ ఇంట జరిగిన సంఘటన ద్వారా మీరు గ్రహించినదేమి?
4. ఈ పాఠానికి కాగితపు హృదయం అనే పేరు తగినదేనా? చర్చించండి.