శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

మన అహోబిలమునకు నెలవైన నల్లమల కొండలకు తూర్పున, గిద్దలూరు ప్రాంతమున, మోక్షగుండమను గ్రామము కలదు. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు అచ్చటినుండి మైసూరు సీమకు తరలిపోయిన తెలుగువారు. వీరు 1861 సెప్టెంబరు 15వ తేదీన ముద్దెనహళ్లిలో జన్మించిరి. చిన్ననాడే తండ్రి గతించెను. పిల్లలకు పాఠములు చెప్పి, ఆ రాబడితో బెంగుళూరున చదివి, 1881లో బి.ఏ. పట్టమును పొందిరి. పిమ్మట పూనాలో ఇంజనీరింగు విద్య ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి.

1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో మూసీనది పొంగి వేలకొలది జనులను బలిగొనెను. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వమువారు వీరిని రప్పించిరి. వీరు మొదట గోడలు కట్టింపలేదు; లెక్కలు కూర్చిరి. శంషాబాదులో ఒక్క దినమున సుమారు 13 అంగుళముల వాన కురిసెను. నగరమునకు ఎగువ వందలకొలది చెరువులుండెను. పై చెరువు తెగిన, ఆ నీరు క్రింది చెరువుపై బడి దానిని తెంచును. ఇట్లు 200లకు పైగా చెరువులు తెగి, వాననీటికి తోడయ్యెను. అట్టి వరద మరల వచ్చిన, ఎగువనే పట్టి నిలిపి మెల్లగా విడువవలెనని వీరు నిశ్చయించిరి. తత్ఫలితముగా మూసీపై 1920లో ఉస్మాన్ సాగరును, ఈసీపై 1927లో హిమాయత్ సాగరును పూర్తియయ్యెను.

వీరు 1912 మొదలు 1918 వరకు మైసూరు దివానుగా నుండిరి. 1955లో భారతరత్న బిరుదము నందిరి. 1962 ఏప్రిల్ 14వ తేదీన పరమపదించిరి.

నేడు వాన, నేలవాలు, నేల పీల్చు నీరు మొదలగువానిని ప్రకృతి సూత్రములచే లెక్కించు పద్ధతికి, గతించిన వరదలనుండి పోలికలు నేర్చుకొను కంప్యూటరులను జతపరచుచున్నారు. కాని గతమున లేని మహావరదను గతమునే చదివిన యంత్రము పసిగట్టుట కష్టము. 2009 అక్టోబరులో శ్రీశైలమునకు అంచనాలను మించిన ప్రవాహము వచ్చెను. మన పొరుగునున్న కర్నూలు పట్టణము మునిగెను. కావున అనుభవమునకు తోడు, నీటి నడకను ఎరిగిన లెక్కయు నుండవలెను.

బాలబాలికలారా! గణితము కేవలము పరీక్షకొరకని తలపకుడు. ఒకనాడు జాగ్రత్తగా వేసిన లెక్క, వేరొకనాటి రాత్రి నిద్రించు నగరమునకు కావలి కాయును.