విప్పి చూసి నేర్చుకున్న విద్య - జి.డి. నాయుడు గారి జీవితం



ప్రత్యేక సంచికకు ఒక పెద్దమనిషి జీవితం రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. దేశనాయకులను గురించి, కవులను గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను రవాణా శాఖలో ముప్ఫై నాలుగేళ్లు బండ్ల కాగితాలు చూసిన గుమాస్తాను. అందుకని ఒక మోటారు సైకిలుతో జీవితం మొదలుపెట్టిన వ్యక్తిని ఎంచుకున్నాను. ఆయనే కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు. ఆయన తమిళనాడులోనే పుట్టి, అక్కడే పేరు తెచ్చుకున్నారు. కానీ ఇంటి భాష తెలుగు. విజయనగర రాజుల కాలంలోనూ, నాయక రాజుల కాలంలోనూ దక్షిణాదికి తరలిపోయిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. ఒక కాలు ఆంధ్రలో, ఒక కాలు తమిళనాడులో పెట్టుకుని బతికే మన తడవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

బాల్యం

గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. బడిచదువు ఆయనకు పట్టుబడలేదు. ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది. ఆ రోజుల్లో చదువు మానిన పిల్లవాడికి పొలం పని తప్ప వేరే దారి ఉండేది కాదు. ఆయన కూడా ఆ దారిలోనే ఉండిపోయేవారేమో. అయితే ఒకరోజు ఒక తెల్ల రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద ఆయన కంటపడ్డాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కే పనీ లేదు, బండి దానంతట అదే పోతోంది. ఆ బండి పేరు రడ్జ్.

ఆ బండి సంగతి కొంచెం చెప్పాలి. రడ్జ్ కంపెనీ ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో మొదట సైకిళ్లు చేసేది. 1911లో మోటారు సైకిళ్ల అమ్మకం మొదలుపెట్టింది. ఆ తొలి బండ్లను చూస్తే సైకిలు ఎక్కడ అయిపోయి మోటారు సైకిలు ఎక్కడ మొదలైందో తెలియదు. చట్రం సైకిలుదే, కాస్త బలంగా ఉంటుంది. పై గొట్టం కింద పెట్రోలు ట్యాంకు, రెండు చక్రాల మధ్య ఒకే సిలిండరు ఇంజను, అక్కడి నుంచి వెనక చక్రానికి బెల్టు. ఇంజను అందుకోవడానికి తొక్కుడు పెడళ్లు కూడా ఉండేవి. మన ఊళ్లలో పులికాటు చేపల గంపలు కట్టుకుని తిరిగిన టీవీఎస్ 50 మోపెడ్లు గుర్తున్నాయి కదా. వాటి ముత్తాత అనుకోండి.

హోటలు కొలువు, మొదటి బండి

బండి కావాలి, చేతిలో డబ్బు లేదు. కుర్రవాడు ఊరు విడిచి కోయంబత్తూరు చేరి హోటల్లో సర్వరుగా కుదిరాడు. సుమారు మూడేళ్లు పైసా పైసా కూడబెట్టి, ఒక తెల్లదొర దగ్గర మోటారు సైకిలు కొన్నాడు. మనమైతే ఏం చేస్తాం? తుడిచి, బొట్టుపెట్టి, నలుగురి ముందూ తిరుగుతాం. ఆయన ఆ బండిని ఇంటికి తెచ్చి పూర్తిగా విప్పేశాడు.

ఈ ఒక్క పనిలోనే ఆ మనిషి మొత్తం ఉన్నాడని నాకనిపిస్తుంది. మూడేళ్ల కష్టార్జితాన్ని ముక్కలు ముక్కలుగా నేల మీద పరిచాడు. నేర్పే గురువు లేడు. ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుసుకునే చదువూ లేదు. పెట్రోలు ఆవిరై గాలితో కలవడానికి కార్బురేటరు, దానికి నిప్పు అందించడానికి మాగ్నెటో, ఆ మంట తోసిన తోపు చక్రానికి చేరడానికి బెల్టు. దేని పని ఏమిటో, ఏది ఎందుకు అక్కడే ఉందో వేళ్లతో తడిమి తెలుసుకోవలసిందే. మళ్లీ బిగించలేకపోతే డబ్బూ పోయినట్టే, బండీ పోయినట్టే. ఆయన బిగించగలిగాడు. అలా మెకానిక్ అయ్యాడు.

బస్సుల కంపెనీ

తరువాత పత్తి వ్యాపారంలో దిగారు. మొదట కలిసివచ్చింది. బొంబాయి దాకా వెళ్లి అక్కడ పోగొట్టుకుని తిరిగివచ్చారు. అప్పుడు కోయంబత్తూరులో పేరున్న పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ దొర ఆయనకు చేయూతనిచ్చారు. ఆ సాయంతో 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య తిప్పడం మొదలుపెట్టారు. సుమారు 60 కిలోమీటర్ల దారి. పళని సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వెళ్లే జనానికి ఎద్దుబండి ప్రయాణం తప్పింది.

ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యు.ఎం.ఎస్. అంటే అక్కడి పాతతరం ఇప్పటికీ గుర్తుపడుతుంది. కొద్ది సంవత్సరాల్లోనే అది దేశంలో మంచి పేరున్న బస్సు సంస్థల్లో ఒకటిగా నిలిచింది. తన బండిని తానే విప్పి బిగించగల యజమాని దగ్గర బండి ఎందుకు ఆగిపోయిందో ఏ మెకానిక్కూ మాయమాటలు చెప్పలేడు కదా.

మన పొలాల్లో మోటారు

1932లో నీలగిరి కొండల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలై, కోయంబత్తూరు ప్రాంతానికి కరెంటు వచ్చింది. కరెంటు వస్తే మోటార్లు కావాలి. అవి విదేశాల నుంచి రావాలి. 1937లో పీలమేడులోని నాయుడు గారి కర్మాగారం నుంచి దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు బయటికి వచ్చింది. దాని రూపకల్పనలో డి. బాలసుందరం నాయుడు గారిది ముఖ్యపాత్ర. తరువాత ఆ ఊరు మోటార్లకూ పంపుసెట్లకూ పెట్టింది పేరయింది. నెల్లూరు జిల్లా రైతు బోరులోకి కోయంబత్తూరు మోటారు దింపిన ప్రతిసారీ ఆ 1937 నాటి పనిలో కొంత భాగం మన మడిలో పారుతున్నట్టే.

ఆయన చేతిలో తయారైన వస్తువుల జాబితా పెద్దది. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే రేజరు, పలచటి బ్లేళ్లు, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, పళ్లరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం. 1941లో అయిదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు. కెమెరా పిచ్చి కూడా ఉండేది. 1936 జనవరిలో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా ఫిల్ము తీశారు. పత్తి, బొప్పాయి వంటి పంటల మీద కూడా ప్రయోగాలు చేశారు.

బడి మానినవాడు ప్రిన్సిపాల్ అయ్యాడు

కోయంబత్తూరులో ఆనాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల వెలిశాయి. వాటి స్థాపనకు నాయుడు గారి కృషి, విరాళాలు ఆధారం. 1945లో ఆయనే ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ప్రాథమిక విద్య దాటని మనిషి ఇంజనీర్లను తయారుచేసే కుర్చీలో కూర్చున్నారు. నాలుగేళ్ల చదువులో కాలం వృథా అవుతోందని, సరిగా చేతిపని నేర్పితే రెండేళ్లు చాలునని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు. ఆ కళాశాలే నేటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. రెండేళ్లు చాలునా, నాలుగేళ్లు కావాలా అన్నది నేను తేల్చగలిగిన విషయం కాదు. చేయి పెట్టకుండా వచ్చే విద్య సగం విద్యే అన్నంతవరకు ఆయన మాట కాదనలేము.

రెండు వేల రూపాయల కారు

ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం ఇది. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు చేశారు. ధర రెండు వేల రూపాయలు. అప్పటికి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది. ఏ వస్తువు ఎవరు తయారుచేయాలో ఢిల్లీ అనుమతి కావాలి. కారుకు లైసెన్సు రాలేదు. తయారీ ఆగిపోయింది. లక్ష రూపాయల కారు అంటూ 2008లో నానో వచ్చినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. సామాన్యుడి కారు అనే ఆలోచన అంతకు యాభై ఆరేళ్ల ముందే మన దక్షిణాదిలో చక్రాల మీద నిలబడింది.

నేను ఫైళ్ల పక్షం మనిషిని. పరీక్షించని బండిని రోడ్డు మీదికి వదలకూడదన్న నిబంధన ప్రాణాలు కాపాడేదే, దాన్ని తక్కువ చేయను. కానీ ఒక కార్యాలయంలో పనిచేస్తున్నప్పుడు చూసిన ఒక దరఖాస్తు మరచిపోలేదు. కాళ్లు పనిచేయని ఒక వ్యక్తి పాత స్కూటరు ఇంజనుతో మూడు చక్రాల బండి తానే చేసుకున్నాడు. ఫారంలో తయారీదారు పేరు అనే గడి ఎదురుగా తన పేరే రాశాడు. అలాంటి బండికి మా రిజిస్టర్లలో చోటు లేదు. కాగితం వెనక్కి వెళ్లింది. బ్రేకులు సరిగా పడతాయో లేదో చూడడానికి కూడా ఎవరూ బయటికి వచ్చి ఆ బండి దగ్గర నిలబడలేదు. చిన్నవాడికి ఒక గడి, నాయుడు గారికి ఒక లైసెన్సు. అడ్డుపడింది ఒకే రకం కాగితం. 1991 తరువాత పరిశ్రమల లైసెన్సులు చాలావరకు తొలగించారు. అది చూడడానికి నాయుడు గారు లేరు. నేను ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు, 1974 జనవరి 4న, ఎనభై ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

మన ఇళ్లలో

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, పాలిటెక్నిక్ చదివే మా మనవడు పెరట్లో పడివున్న నా పాత పెద్ద సైకిలుకు ఇంజను బిగిస్తున్నాడు. మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌ది పాత ఇంజను, పై గొట్టం కింద చిన్న ట్యాంకు, వెనక చక్రానికి బెల్టు. పాతకాలపు బండిలా కనబడాలని ముందు గుండ్రటి దీపం కూడా పెట్టాడు. పరీక్షలు దగ్గర పడుతుంటే ఈ మసి పనేమిటని వాళ్ల నాయనమ్మ గొడవ. నేను మాత్రం వాడిని కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పాను.

మొదటిది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాల కన్నా తక్కువ ఉండి, ఇంజను 25 సీసీ మించని బండి మోటారు వాహనం లెక్కలోకి రాదు. అది దాటితే రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, లైసెన్సు అన్నీ కావాలి. ఇంట్లో చేసిన బండికి అవి దొరకడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఇంజను మీద రేకు ప్లేటులో ఎన్ని సీసీలో ముందు చూసుకోమన్నాను. రెండవది బ్రేకు. కడ్డీ బ్రేకులు మనిషి తొక్కే వేగానికి చేసినవి, ఇంజను వేగానికి కాదు. బండి ఎలా పోతుందో తరువాత, ఎలా ఆగుతుందో ముందు తేల్చాలి. ఎంత చిన్న ఇంజనైనా కలకత్తా హైవే మీదికి మాత్రం తీసుకుపోరాదు.

మన తరం కాగితం నమ్ముకుని బతికింది. సర్కారు కొలువు వస్తే చాలు అనుకున్నాం, పిల్లలకూ అదే చెప్పాం. ఆ కొలువు మనకు అన్నం పెట్టింది, ఈ పెన్షనూ ఇస్తోంది. దాన్ని తప్పుపట్టను. కానీ ఇప్పుడు తడ పక్కనే శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు వాహనాలు తయారవుతున్నాయి. అక్కడికి వెళ్లే పిల్లవాడిని సర్టిఫికెట్టు గేటు దాకా తీసుకుపోతుంది, లోపల నిలబెట్టేది చేతిపని. ఆ చేతిపని మన పెరట్లో, మన పాత సామాను మీదే మొదలు కావాలి.

కోయంబత్తూరు వైపు వెళ్లే మిత్రులు అవినాశి రోడ్డులో నాయుడు గారు నెలకొల్పిన ప్రదర్శనశాలను, 2015లో ఆయన సంస్థ ప్రారంభించిన పాతకార్ల మ్యూజియాన్ని మనవళ్లతో కలిసి చూడండి. అదే రోడ్డు మీద 2025 అక్టోబరులో తెరిచిన పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు. వెళ్లలేనివారు ఇంట్లో పనిచేయని గడియారమో, ఫ్యానో, మిక్సీయో ఉంటే పాతసామాన్లవాడికి వేయకండి. ప్లగ్గు తీసేసి, ఒక స్క్రూడ్రైవరుతో పాటు పిల్లల చేతికివ్వండి. మళ్లీ బిగించలేకపోతే మనకు పోయేదేమీ లేదు.