విల్లంబుల విలువ తెలిసిన హైమన్‌డార్ఫ్

ఈ సంచికలో మేము స్మరించుకుంటున్న మహనీయుడు మన గడ్డ మీద పుట్టినవాడు కాదు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టారు. 1936-37లో నాగా కొండల్లో ఉండి అక్కడి కోన్యక్ నాగాల జీవితాన్ని అధ్యయనం చేశారు. 1939లో మళ్లీ మన దేశానికి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన దగ్గరున్నది జర్మన్ పాస్‌పోర్టు. దాంతో శత్రుదేశస్థుడిగా లెక్కకట్టి, హైదరాబాద్ సంస్థానం దాటి పోరాదని కట్టడి చేశారు. ఆ కట్టడే మనకు మేలైంది.

1940లో ఆయన, భార్య బెట్టీ నల్లమల ఎక్కి అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు పెంటల్లో నివాసమున్నారు. ఆ అడవి హైదరాబాద్ ప్రభువులకు కొత్తది కాదు. ఫరహాబాద్‌లో నిజాముల వేట విడిది ఉండేది. పాతబస్తీలోని పురానీ హవేలీలో నివసించిన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటకు పేరుమోసినవాడు. దొరల వేట అంటే తుపాకులు, డేరాలు, సామాను మోసే ఏనుగులు, ఎడ్లు, మృగాన్ని అదిలించే జనం. చెంచు వేట అలాంటిది కాదు. ఒక విల్లు, ఇనుప ములుకుల బాణాలు, వెంట ఒక కుక్క. దొరికినదాన్ని భుజాన వేసుకొని పెంటకు తెచ్చుకోవడమే. ఉప్పు, ధాన్యం మాత్రం బయటి నుంచి రావాలి. ఎడ్ల మీద బస్తాలు వేసుకొని దక్కను అంతా తిరిగిన లంబాడీ సోదరుల బిడారులే పూర్వం ఆ సరుకులను దూరప్రాంతాలకు చేర్చేవి.

చెంచుల కడుపు నింపేది వేట కన్నా ఎక్కువగా గడ్డలు, పండ్లేనని హైమన్‌డార్ఫ్ గమనించారు. విల్లు పట్టినవాడు అడవికి శత్రువు కాడని, అడవి నుంచి వెళ్లగొడితే ఆ జాతి బతకదని గ్రహించారు. ఆయన సూచన మీదే నిజాం ప్రభుత్వం అమ్రాబాద్‌లో చెంచు రిజర్వు ఏర్పాటు చేసింది. చెంచులపై ఆయన రాసిన గ్రంథం 1943లో వెలువడింది.

1940లోనే జోడేఘాట్‌లో కొమురం భీము, ఆయన సహచరులు నేలకొరిగారు. ఆ తిరుగుబాటుకు కారణాలేమిటో తెలుసుకునే పని ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. భూములు అన్యాక్రాంతం కావడం, అటవీ సిబ్బంది వేధింపులే మూలమని ఆయన తేల్చి చెప్పారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండీ వాచకాలు తయారయ్యాయి. 1945 నుంచి ప్రభుత్వ సలహాదారుగా ఉంటూ వేలాది ఎకరాలకు మన వారికి పట్టాలు ఇప్పించారు. ఉస్మానియాలో పాఠాలు కూడా చెప్పారు. ఆ తర్వాత లండన్‌లో ఆచార్యుడైనా మన పల్లెలకు వస్తూనే ఉన్నారు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలో ఖననం చేశారు. 1995 జూన్ 11న లండన్‌లో హైమన్‌డార్ఫ్ కాలం చేశారు. ఆయన సమాధి కూడా మార్లవాయిలో ఆమె పక్కనే ఉంది. ఏటా జనవరి 11న అక్కడ మనవారు నివాళులర్పిస్తారు.

1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కును ఇవ్వలేదు. ఆ చట్టాలను మేము గౌరవిస్తాము. కానీ పులుల పేరిట పెంటలనే తరలించాలన్న మాట వినిపించినప్పుడల్లా హైమన్‌డార్ఫ్ గుర్తుకొస్తారు. విల్లు గోడకెక్కినా, పెంట అడవిలోనే ఉండాలి. ఆయనకు మనం అర్పించగల నిజమైన నివాళి అదేనని మేము నమ్ముతున్నాము.