లివింగ్‌స్టన్ దొరగారి రెండవ ప్రయాణము

ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమున, జాంబియా, జింబాబ్వే అను రెండు దేశముల నడుమ జాంబేజీ నది పారుచున్నది. ఒక చోట ఆ నది, మైలుకు మించిన వెడల్పుతో, నేల చీలినట్లున్న లోయలోనికి ఒక్కసారిగా పడును. లోతు సుమారు 355 అడుగులు. వరద కాలమున నీటి తుంపర పొగవలె లేచి ఎన్నో మైళ్ల దూరమునకు కనబడును. ఆ తుంపర ఎదుటి గట్టున ఎడతెగక కురియుటవలన అక్కడ ఒక చిన్న అడవి పెరిగినది. చుట్టునున్న నేల ఎండిపోయినను అది పచ్చగానే యుండును. మబ్బు లేని దినమున చూడబోయినవారును తడిసి వచ్చెదరు. రెండు ప్రభుత్వములును ఆ స్థలమును రక్షిత వనములుగా కాపాడుచున్నవి. ఏనుగులు, అడవిదున్నలు, నీటిగుర్రములు అక్కడ తిరుగును. జాంబియా వైపున తెల్ల ఖడ్గమృగములకు తుపాకులు పట్టిన కావలివారు తోడుండెదరు. 1989లో ఐక్యరాజ్య సమితి వారి యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా ఎంచెను.

డేవిడ్ లివింగ్‌స్టన్ దొరగారు దీనిని కనుగొనెనని పుస్తకములలో వ్రాయుదురు. అది సరియైన మాట కాదు. అక్కడివారు తరతరములుగా దానిని ఎరుగుదురు, ఉరుముచున్న పొగ అని అర్థమిచ్చు మోసి-ఓవా-తున్యా అను పేరును పెట్టుకొనిరి. విక్టోరియా రాణి పేరు ఈయన పెట్టినది. ఈయన అచ్చటికి రెండు మారులు వెళ్లెను. మొదటి ప్రయాణము లోకమంతటికి తెలియును. రెండవదానిని గూర్చియే నేను ముఖ్యముగా చెప్పగోరుచున్నాను.

ఆయన 1813లో స్కాట్లండులోని బ్లాంటైర్ గ్రామమున బీదల యింట పుట్టెను. పదియేండ్ల ప్రాయముననే నూలు మిల్లులో పనికి కుదిరెను. యంత్రము మీద పుస్తకము తెరచి పెట్టుకొని, పని చేయుచునే చదివెను. వైద్యము నేర్చి 1841లో మిషనరీగా ఆఫ్రికా చేరెను. 1844లో సింహము మీదపడి ఎడమ చేతి ఎముక విరిచెను. మెబల్వే అను ఆఫ్రికా ఉపదేశకుడు అడ్డుపడనియెడల ఆయన కథ అంతటితో ముగిసియుండును.

మనుష్యులను పట్టి అమ్ము బానిస వర్తకమును చూచి ఆయన హృదయము మండెను. సముద్రమువరకు మంచి మార్గము దొరికి, న్యాయమైన వ్యాపారము సాగి, సువార్త లోపలికి వెళ్లినయెడల ఆ పాపము ఆగునని తలంచెను. మకొలొలో జనుల రాజైన సెకెలెటు ఆయనకు మనుష్యులనిచ్చి పంపెను. 1854లో వారు పడమటి తీరమున లువాండా చేరిరి. జ్వరముతో చిక్కిపోయిన ఆయనను ఇంగ్లీషు ఓడలవారు స్వదేశమునకు తీసికొనిపోవుదుమనిరి. తనతో వచ్చినవారిని ఇంటికి చేర్చవలెనని చెప్పి ఆయన ఓడ ఎక్కలేదు.

తరువాత తూర్పు తీరమునకు బయలుదేరి, 1855 నవంబరు 16న దోనెలో జలపాతపు అంచునున్న లంకకు చేరి, అంచువరకు ప్రాకి లోయలోనికి చూచెను. తుంపరలో ధనుస్సు కనబడెను. నోవహు దినములనుండి విశ్వాసులు దానిని చూచి ఏమి తలంచుకొందురో మనకు తెలియును గదా! మరునాడు రాజుతో మరల వెళ్లి, లంకలో పండ్ల గింజలు, కాఫీ విత్తనములు నాటి, ఒక చెట్టుమీద తన పేరు అక్షరములను ఆ సంవత్సరమును చెక్కెను.

ఈసారి ఆయనతో వచ్చిన మకొలొలోవారు నూరుమందికి పైగా ఉండిరి. 1856లో వారిని పోర్చుగీసువారి టేటే పట్టణమున విడిచి, తిరిగి వచ్చి మిమ్మును ఇంటికి చేర్చెదనని మాట ఇచ్చి ఓడ ఎక్కెను. ఇంగ్లండులో ఆయన పుస్తకము విరివిగా అమ్ముడుపోయెను, సన్మానములు జరిగెను. ఇట్టివాడు ఆ బీదవారిని మరచినను అడుగువారెవరు? అయినను 1858లో వచ్చెను. కొందరు మశూచికముచేత చనిపోయిరి, కొందరు చంపబడిరి, కొందరు అక్కడనే సంసారములు కట్టుకొనిరి. అదే సంవత్సరమున టేటేకు పైన కెబ్రబాసా అను చోట, నది పడవలు పోలేని బండల నడుమ పారుచున్నట్లు కనుగొనెను. మొదటి మారు ఆయన ఆ చోటు చూడక అడ్డదారిన వచ్చియుండెను. సముద్రమునుండి నదీమార్గమున పోవుదుమన్న ఆశ అక్కడ విరిగెను.

మార్గము పోయినను మాట నిలిచియుండెను. 1860లో, రాదలచినవారిని వెంటబెట్టుకొని, కాలినడకన నెలల తరబడి నడిచి ఆగస్టులో జలపాతము చేరెను. 15వ కీర్తనలోని మనుష్యుడు నాకు జ్ఞాపకము వచ్చును. లంకలోని తోటను నీటిగుర్రములు పాడుచేసెను. తాడుకు తుపాకి గుండ్లును తెల్లగుడ్డను కట్టి లోయలోనికి దింపి కొలిచినప్పుడు, మొదట తాను నూరడుగులని వ్రాసినది ఎంత తక్కువో తెలిసెను.

ముందుకు పోగా, సెకెలెటు కుష్ఠువంటి రోగముతో మంచము పట్టియుండెను. అంతకంటె చేదు వార్త మరియొకటి. ఆ రాజ్యమున సువార్త ప్రకటింపవచ్చిన హెల్మోర్ దొరగారు, ఆయన భార్య, మరికొందరు ఆ సంవత్సరమే లినియాంటిలో మన్యపు జ్వరముచేత చనిపోయిరి. లివింగ్‌స్టన్ 1853లో అక్కడ విడిచిన బండిలో మందుల పెట్టె చెడక, వారు చనిపోయిన చోటికి దగ్గరలోనే యుండెను. వారికి ఆ సంగతి తెలియలేదు.

ఇతరులకిచ్చిన మాట ఇట్లు నిలుపుకొనిన ఈయన సొంత కుటుంబము మాత్రము చాల శ్రమపడెను. 1852లో స్వదేశమునకు పంపిన భార్యాబిడ్డలు నాలుగేండ్లు ఇబ్బందులలో ఎదురుచూచిరి. మేరీ అమ్మగారు మరల ఆఫ్రికాకు వచ్చి 1862లో జాంబేజీ తీరమున జ్వరముతో మరణించెను. దీనిని దాచి ఆయనను పొగడుట న్యాయము కాదు.

1873లో, నేటి జాంబియాలోని చితాంబో గ్రామమున, ఆయన పడక ప్రక్క మోకాళ్లమీద నుండగానే చనిపోయినట్లు సేవకులు చూచిరి. సూసీ, చూమా మొదలైనవారు ఆయన గుండెను చెట్టు క్రింద పాతిపెట్టి, దేహమును ఎండబెట్టి, ఇశ్రాయేలీయులు యోసేపు ఎముకలను మోసినట్లు, వేయి మైళ్లకు పైగా మోసి 1874లో సముద్రతీరము చేర్చిరి. మన దేశపు నాసిక్‌లోని మిషను ఆశ్రమమున చదివిన జేకబ్ వెయిన్‌రైట్ అను ఆఫ్రికా యువకుడు ప్రార్థనలు చదివెను. అతడు ఓడలో దేహముతో వెళ్లి, ఏప్రిల్ 18న లండను వెస్ట్‌మినిస్టరు దేవాలయములో సమాధి కార్యమున పాల్గొనెను. సూసీని, చూమాను అప్పుడు తీసికొనిపోలేదు. సమాధి మూసిన తరువాతనే వారు ఇంగ్లండు చేరిరి.