పళ్ళ వరుసను చదివిన మనిషి – ఎడ్వర్డ్ యాంగిల్

మన హాస్టల్లో ఎత్తుపళ్ళున్న ప్రతివాడికీ ఒక మారుపేరు ఉండేది. కొందరు ఆ పేరుకు అలవాటుపడిపోయేవాళ్ళు. కొందరు మాత్రం నవ్వు వచ్చినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. నేనిప్పుడు పళ్ళ వరుసను సరిచేసే ఆర్థోడాంటిక్స్ విభాగంలో ఎం.డి.ఎస్. మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఈ విద్యను ఒక శాస్త్రంగా నిలబెట్టిన ఎడ్వర్డ్ హార్ట్‌లీ యాంగిల్ గురించి ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్ళకూ, పూర్వ విద్యార్థులైన అన్నలకూ చెప్పాలనిపించింది. స్కూలు పుస్తకాల్లో ఈయన పేరు కనిపించదు. దంత వైద్య కళాశాలలో మాత్రం ఈయన పేరు రాయకుండా ఎవరూ పరీక్ష గట్టెక్కలేరు.

యాంగిల్ 1855 జూన్ 1న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, హెరిక్ అనే పల్లె ప్రాంతంలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఏడుగురు పిల్లల్లో ఐదోవాడు. బుద్ధి అంతా పనిముట్ల మీదే ఉండేది. దగ్గరలోని కాంటన్ అనే చిన్న పట్టణంలో ఒక దంత వైద్యుడి దగ్గర పని నేర్చుకుని, ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో చదివి 1878లో డాక్టరయ్యారు. ఆరోగ్యం దెబ్బతిని ప్రాక్టీసు వదలాల్సి వచ్చింది. మోంటానా వెళ్ళి గొర్రెల పెంపకం మొదలుపెడితే, మంచు తుఫానుకు మంద పోయింది. తిరిగి పళ్ళ దగ్గరికే వచ్చారు. ఆ గొర్రెలు బతికి ఉంటే మా సిలబస్ ఎలా ఉండేదో!

ఆ రోజుల్లో వంకర పళ్ళను సరిచేయడమంటే ఏ డాక్టరు పద్ధతి ఆ డాక్టరుది. తీగ కట్టేవారు ఒకరు, స్క్రూ బిగించేవారు ఒకరు. ఒక ఊళ్ళో డాక్టరు చూసిన కేసును ఇంకో ఊరి డాక్టరుకు వివరించడానికి మాటలే లేవు. పన్ను ముందుకు ఉంది అంటే దేనికంటే ముందుకు? ఈ ప్రశ్నకు సమాధానం యాంగిల్‌కు ప్లాస్టర్ మోడళ్ళలో దొరికింది.

మోడల్ అంటే మరేం కాదు, నోటికి తీసిన అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పోసి చేసిన పళ్ళ నమూనా. దీన్ని యాంగిల్ కనిపెట్టలేదు. జర్మనీలో ఫిలిప్ ఫాఫ్ అనే దంత వైద్యుడు 1756లోనే మైనంతో అచ్చు తీసి ప్లాస్టర్ పోయడం గురించి రాశారు. కానీ మైనం మెత్తనిది. పంటి కింద ఇరుకుల్లోంచి లాగేటప్పుడు సాగి, ఆకారం మారిపోతుంది. అందుకే యాంగిల్ అచ్చు కూడా ప్లాస్టర్‌తోనే తీయాలని పట్టుబట్టారు. తడి ప్లాస్టర్ నోట్లో పెట్టి, గట్టిపడ్డాక ముక్కలుగా విరిచి తీయాలి. ఆ ముక్కలన్నీ మళ్ళీ అతికించి అందులో కొత్త ప్లాస్టర్ పోయాలి. కూర్చున్న పేషెంటు ఓర్పు తలచుకుంటే నాకు దండం పెట్టాలనిపిస్తుంది. మా నాన్న తాపీ పని చేస్తారు కాబట్టి ప్లాస్టర్ గుణం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నీళ్ళు ఎక్కువైతే బలం ఉండదు, ఆలస్యమైతే చేతిలోనే బిగుసుకుంటుంది.

ఇంత కష్టం ఎందుకంటే, నోట్లో చూడలేనిది మోడల్‌లో చూడవచ్చు. పై పళ్ళూ కింది పళ్ళూ ఎలా కలుస్తున్నాయో నాలుక వైపు నుంచి ఎవరి నోట్లో చూడగలం? మోడల్‌ను వెనక్కి తిప్పితే చాలు. కొలవవచ్చు, పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. పేషెంటు ఇంటికి వెళ్ళిపోయినా కేసు బల్ల మీద ఉంటుంది. వైద్యం మొదలుపెట్టే ముందు ఒకటి, ముగిశాక ఒకటి చేస్తే డాక్టరు చేసింది ఎంతో అక్కడే తేలుతుంది.

అలా చూసీ చూసీ యాంగిల్ 1899లో తన వర్గీకరణ ప్రచురించారు. ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దవడ పన్నును ఆయన గుర్తుగా తీసుకున్నారు. పై దవడ పన్ను ముందు వైపు బొడిపె, కింది పన్ను మీది గాడిలో సరిగ్గా కూర్చుని, మిగతా పళ్ళు మాత్రమే వంకరగా ఉంటే మొదటి తరగతి. కింది పన్ను వెనక్కి ఉంటే రెండో తరగతి. చాలా ఎత్తుపళ్ళు ఇందులోకే వస్తాయి. కింది పన్ను ముందుకు వస్తే మూడో తరగతి. అంతే! ప్రపంచంలో ఏ మూల డాక్టరుకైనా అర్థమయ్యే భాష దొరికింది. మరుసటి ఏడాది, 1900లో, సెయింట్ లూయిస్‌లో ఈ ఒక్క విద్య కోసమే పాఠశాల తెరిచారు. పళ్ళను కదిలించే పరికరాలు ఎన్నో తయారుచేశారు. 1928లో ప్రకటించిన ఎడ్జ్‌వైజ్ పరికరమే ఈనాటి క్లిప్పులకు మూలం.

మనిషి మాత్రం మొండి. తనతో విభేదించినవాళ్ళతో ఆయనకు పడేది కాదు. మొదట్లో అవసరమైతే పళ్ళు తీసిన ఆయనే, తర్వాత ఒక్క పన్ను కూడా తీయకూడదని గట్టిగా నిలబడ్డారు. ముప్పై రెండు పళ్ళూ వరుసలో ఉంటేనే ముఖానికి పొందిక అన్నది ఆయన నమ్మకం. ఓల్డ్ గ్లోరీ అని పేరుపెట్టిన ఒక పుర్రెలోని పళ్ళ వరుస ఆయనకు ఆదర్శం. ముఖానికేమో అపోలో అనే ప్రాచీన శిల్పం. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించలేను. ఆ శిల్పం ముక్కూ పెదవులూ మన ఊళ్ళో ఎవరికున్నాయి? పెదవులు కాస్త నిండుగా ఉండటం మన ముఖ కవళిక. దాన్ని రోగంగా చూస్తే తప్పు కొలబద్దది అవుతుంది. ఒకే ముఖం అందరికీ ఆదర్శం కాదని చిత్రకారుడైన మిత్రుడు వ్యూర్‌పెల్ ఆయనకు చెప్పారు కూడా.

యాంగిల్ 1930 ఆగస్టు 11న కాలిఫోర్నియాలో మరణించారు. పళ్ళు తీయకూడదన్న ఆయన మాటను తూచా తప్పకుండా పాటించిన శిష్యుడు చార్లెస్ ట్వీడ్. కొన్నేళ్ళు గడిచాక తన పేషెంట్లను మళ్ళీ చూస్తే, చాలామందికి పళ్ళు తిరిగి వంకర్లు పోయాయి, కొందరికి మూతి ముందుకు వచ్చింది. గురువు గారి మాట కాదనడం తేలిక కాదు. ట్వీడ్ ఆ పేషెంట్లకు నాలుగేసి పళ్ళు తీసి మళ్ళీ వైద్యం చేశారు. 1940లో అలాంటి వంద కేసుల మోడళ్ళనూ ఫోటోలనూ తోటి డాక్టర్ల ముందు పెట్టారు. గురువు నేర్పిన ప్లాస్టర్‌తోనే గురువు మాట కొంత తప్పని చూపించారు. అయినా యాంగిల్ పరికరాన్ని మాత్రం వదల్లేదు. ఇప్పుడు పళ్ళు తీయాలా వద్దా అన్నది కేసును బట్టి నిర్ణయిస్తున్నారు.

తడి ప్లాస్టర్ నోట్లో విరిచే బాధ ఇప్పుడు లేదు. రబ్బరులా సాగే ఆల్జినేట్ రెండు మూడు నిమిషాల్లో బిగుసుకుని, ఒక్క ముక్కగా బయటికి వస్తుంది. స్కానర్ ఉన్నచోట అచ్చే అక్కర్లేదు, కంప్యూటర్లో పళ్ళు తిరుగుతూ కనిపిస్తాయి. మా విభాగంలో అల్మారాల నిండా ఇంకా తెల్లటి ప్లాస్టర్ మోడళ్ళే. ఒక్కోదాని మీద పేరు, వయసు, తేదీ రాసి ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలవి.